పెడల్ నేలకి తగిలిన రోజు: ఇంట్లో కట్టిన రేసు కారుకి బ్రేకు పాఠాలు

గన్నవరం నుంచి మాట్లాడుతున్నాను. షెడ్డులోనే కూర్చుని రికార్డు చేస్తున్నాం కాబట్టి మధ్యలో విమానం శబ్దం వస్తే ఏమీ అనుకోకండి. ఎయిర్‌పోర్టు పక్కనే కదా మరి.

సొంతంగా చిన్న రేసు కారు కడుతున్నాం అన్నా, అని నాకు ఫోన్ చేసేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? ఇంజను ఏ బండిది పెట్టాలి. రెండోది, టాప్ స్పీడ్ ఎంత వస్తుంది. బ్రేకుల గురించి అడిగేవాళ్ళు చాలా తక్కువ. తప్పు పట్టడం లేదు. కాలేజీలో ఉన్నప్పుడు నేను కూడా అడగలేదు. అడగనందుకు నా ఎడమ కాలర్ బోను విరిగింది. అది చిన్న విషయం. ఆ రోజు ఒక ముసలావిడ ప్రాణం పోవాల్సింది, నా అదృష్టం కొద్దీ పోలేదు. ఈ కథ ఇంతవరకు కెమెరా ముందు చెప్పలేదు. ఇవాళ చెప్తాను. ముందు కథ, తర్వాత ఎక్కడెక్కడ తప్పు చేశామో, ఆ తర్వాత మీ బండికి మీరు చేసుకోవాల్సిన పనులు.

ఆ డిసెంబరు ఆదివారం

ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. పోటీకి వెళ్దామని పది మందిమి కలిసి చిన్న కారు కట్టాం. పైపుల ఛాసిస్, 150 సీసీ బైకు ఇంజను. నాలాంటివాడు కూర్చుంటే మొత్తం బరువు సుమారు 250 కిలోలు. డబ్బులంతా ఇంజనుకీ, టైర్లకీ అయిపోయాయి. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి జేబు ఖాళీ. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల షాపులన్నీ తిరిగి, ఒకే మోడల్ బైకువి మూడు కాలిపర్లు కొన్నాం. ముందు చక్రాలకి చెరొకటి, వెనక యాక్సిల్‌కి ఒకటి. మూడింటికీ కలిపి ఒక్కటే మాస్టర్ సిలిండర్. పోటీ రూల్స్ ప్రకారం రెండు వేరు వేరు సర్క్యూట్లు ఉండాలని మాకు తెలుసు. "రెండోది పోటీకి వెళ్ళేముందు పెడదాంలే, ఇది టెస్టింగే కదా" అనుకున్నాం.

టెస్టింగ్‌కి ఎక్కడికి వెళ్ళాం? కాలవ గట్టు పక్కన పొలాల మధ్య పంచాయతీ రోడ్డు. ఆదివారం పొద్దున ఎవరూ ఉండరులే అని. డిసెంబరు నెలలో మన డెల్టాలో రోడ్డు మీద ఎవరూ ఉండకపోవడమేంటండీ? కోతలు అయ్యాక ప్రతి ఊళ్ళోనూ ధాన్యం ఆరబోసేది రోడ్డు మీదే కదా. ఇక్కడ పుట్టి పెరిగినవాడిని, నాకు ఆ మాత్రం తట్టలేదు.

బయలుదేరే ముందు మా జూనియర్ ఒకడు పెడల్ తొక్కి చూశాడు. "అన్నా, పెడల్ మెత్తగా ఉంది" అన్నాడు. నేను వెళ్ళి తొక్కాను. మొదటిసారి సగానికి పైగా లోపలికి పోయింది. రెండోసారి, మూడోసారి తొక్కితే గట్టిపడింది. "పంప్ చేస్తే పట్టుకుంటోంది కదరా, ఏం కాదు" అన్నాను. వాడు సెకండ్ ఇయర్, నేను ఫైనల్ ఇయర్. వాడు ఇంకేం మాట్లాడలేదు.

మొదటి రౌండు బాగానే ఆగింది. రెండోది కూడా. ప్రతిసారీ పెడల్ ఇంకొంచెం లోపలికి పోతోందని కాలికి తెలుస్తూనే ఉంది. మూడో రౌండులో మలుపు తిరిగేసరికి ఎదురుగా రోడ్డుకి సగం దాకా ధాన్యం. మధ్యలో ఒక ముసలావిడ వంగి కాళ్ళతో తిరగేస్తోంది. యాభై స్పీడులో ఉన్నాను. బ్రేకు తొక్కాను. పెడల్ నేరుగా నేలకి తగిలింది. పంప్ చేశాను. మళ్ళీ నేలకే. మూడోసారి తొక్కే టైము లేదు.

స్టీరింగ్ ఎడమకి కొట్టాను. బండి రోడ్డు దిగి కోసేసిన మడిలో పడి, గట్టుకి కొట్టుకుని, ఒక పక్కకి ఒరిగి ఆగింది. ముందు చక్రం ఊడి ఎక్కడో పడింది. నా భుజంలో ఏదో టక్‌మంది. హెల్మెట్, బెల్టు ఉన్నాయి కాబట్టి ఇవాళ మీతో మాట్లాడుతున్నాను.

ఆ ముసలావిడే అందరికంటే ముందు పరిగెత్తుకుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా మొహం మీద మట్టి తుడిచి, బండి వంక చూసి, "ఏం నాయనా, ఆపడం రాని బండి ఎందుకు కట్టుకున్నావు?" అంది. అంతే. నాలుగేళ్ళ చదువులో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది.

మేస్త్రి గారు విప్పి చూపించినవి

భుజానికి కట్టు కట్టించుకుని, వారం తర్వాత బండిని ఆటోలో వేసుకుని ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన లారీ బ్రేకులు విప్పుతూనే జుట్టు నెరిసిన మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, కుడి ముందు చక్రం దగ్గర కూర్చుని నవ్వారు. "బాబూ, గాలి పైకి పోతుందా, కిందకి పోతుందా?" అన్నారు.

మొదటి తప్పు అక్కడే ఉంది. బైకు కాలిపర్ ఒకే వైపుకి తయారు చేసింది. దానికి ఎయిర్ తీసే నిపుల్ పైన ఉండేలా డిజైన్ చేస్తారు. మేం ఎడమ చక్రానికి సరిగ్గానే పెట్టాం. కుడి చక్రానికి అద్దంలో బొమ్మలాగా ఉండాలని అదే కాలిపర్‌ని తిప్పి బిగించాం. దాంతో నిపుల్ కిందకి వచ్చేసింది. గాలి బుడగ ఎప్పుడూ పైనే కూర్చుంటుంది. నిపుల్ కింద ఉంటే వంద సార్లు ఎయిర్ తీసినా ఆయిల్ వస్తుంది, గాలి రాదు. చూసేవాడికి మాత్రం "బుడగలు రావట్లేదు, పని అయిపోయింది" అనిపిస్తుంది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ఎడమ చక్రానికి కాలిపర్ యాక్సిల్‌కి వెనక వైపు ఉంటే, కుడి చక్రానికి యాక్సిల్‌కి ముందు వైపు బిగించండి. అప్పుడు అదే పార్టు, నిపుల్ పైకే ఉంటుంది. బ్రాకెట్ గీసేటప్పుడే ఇది చూసుకోవాలి. రెండోది, ఆల్రెడీ వెల్డింగ్ అయిపోయుంటే, ఎయిర్ తీసేటప్పుడు కాలిపర్‌ని విప్పి, ప్యాడ్ల మధ్య డిస్కు మందం ఉన్న ఇనుప ముక్క పెట్టి, నిపుల్ పైకి వచ్చేలా చేత్తో పట్టుకుని తీయండి. ఆ ముక్క పెట్టకుండా పెడల్ తొక్కితే పిస్టన్ బయటికి దూకుతుంది, జాగ్రత్త.

రెండో తప్పు. ఆయిల్ పైపు కాలిపర్‌కి కలిసే చోట బాంజో బోల్టు ఉంటుంది. దానికి అటూ ఇటూ రాగి వాషర్లు. బిగించినప్పుడు ఆ మెత్తటి రాగి నలిగి సందు మూసేస్తుంది. ఒకసారి నలిగింది రెండోసారి అంత బాగా నలగదు. మేం పాత వాషర్లే మళ్ళీ వేశాం. అక్కడ సన్నగా చెమ్మ. చూస్తే కారుతున్నట్టే ఉండదు, వేలు పెట్టి తుడిస్తేనే తెలుస్తుంది. రూపాయల్లో దొరికే వాషరు అది.

మూడో తప్పు, బ్రేకు ఆయిల్. మా షెడ్డులో సగం వాడిన డబ్బా ఒకటి, వర్షాకాలం అంతా మూత వదులుగా పడి ఉంది. అదే పోశాం. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

బ్రేకు ఆయిల్ నీళ్ళు తాగుతుంది

మనం ఆయిల్ అంటాం కానీ డాట్ 3, డాట్ 4 అనేవి గ్లైకాల్ రకం ద్రవాలు. గాలిలో తేమని పీల్చుకుంటాయి. మన కృష్ణా డెల్టాలో తేమకి కొదవా? కొత్త డబ్బా విప్పినప్పుడు డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 కనీసం 230 దాకా. ఇవి ప్రమాణాలు. అదే ద్రవంలో సుమారు 3.7 శాతం నీరు చేరాక చూస్తే డాట్ 3 కి ఆ హద్దు 140, డాట్ 4 కి 155. అంటే నూటికి నాలుగు పాళ్ళు కూడా లేని నీరు 65, 75 డిగ్రీలు మింగేస్తోంది.

ద్రవం మరిగితే ఏమవుతుంది? ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు, అందుకే మన కాలి బలం చక్రం దాకా వెళ్తుంది. ఆవిరిని నొక్కితే నలుగుతుంది. మీరు తొక్కిందంతా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది. ప్యాడ్ దాకా ఏమీ చేరదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. భయంకరమైన సంగతి ఏంటంటే, పావుగంట ఆగితే చల్లారి, ఆవిరి మళ్ళీ ద్రవం అయిపోయి, పెడల్ మామూలుగా గట్టిపడుతుంది. "ఇందాక ఏదో అయింది, ఇప్పుడు బాగానే ఉంది" అని మళ్ళీ బయలుదేరతారు.

అంత వేడి ఎక్కడినుంచి వస్తుంది అంటారా? చిన్న లెక్క. 250 కిలోల బండి 60 స్పీడులో వెళ్తుంటే దాని దగ్గర సుమారు 35 వేల జౌళ్ళ శక్తి ఉంటుంది. బండి ఆగిందంటే ఆ శక్తి చాలావరకు డిస్కులోకి వేడిగా వెళ్ళింది. ఒక టీ గ్లాసు నీళ్ళని మరుగు పట్టించడానికి సరిపోయే వేడి అది. ఒక్కసారి ఆపితేనే ఇంత. చిన్న ట్రాక్ మీద ఒక ల్యాపులో ఆరేడు సార్లు బ్రేకు కొడతారు, చల్లారే టైము ఉండదు. బైకు డిస్కు బైకు బరువుకి తయారు చేసింది. మీ కారు బరువుకి అది తట్టుకుంటుందా లేదా అన్నది మీరే లెక్క వేసుకోవాలి.

కాబట్టి ఆయిల్ విషయంలో గుర్తు పెట్టుకోండి. సీల్ ఉన్న చిన్న డబ్బా కొనండి, మిగిలింది దాచుకోకండి. రేసు బండికి డాట్ 4 గానీ, డాట్ 5.1 గానీ వాడండి. డాట్ 5 అని ఇంకోటి ఉంటుంది. అది సిలికాన్ రకం, పేరు దగ్గరగా ఉంది కదా అని కలపకండి. ఇంజన్ ఆయిల్ ఒక్క చుక్క కూడా బ్రేకులోకి పోకూడదు, లోపల రబ్బర్లు ఉబ్బి పాడైపోతాయి. పెట్రోలు, డీజిలుతో ఆ రబ్బర్లు కడగడం మనవాళ్ళకి బాగా అలవాటు. అది కూడా వద్దు, బ్రేకు ఆయిల్‌తోనే కడగండి. ఇది పెయింటుని తినేస్తుంది, కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి కళ్ళజోడు పెట్టుకోండి. ఒంటి మీద పడితే వెంటనే నీళ్ళతో కడుక్కోండి.

ఎయిర్ తీయడం, ఇద్దరు మనుషుల పని

ఒకరు పెడల్ దగ్గర, ఒకరు చక్రం దగ్గర. నిపుల్‌కి ట్రాన్స్‌పరెంట్ ట్యూబు తగిలించి, దాని రెండో చివర కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. పెడల్ దగ్గరివాడు నెమ్మదిగా మూడు నాలుగు సార్లు తొక్కి, నొక్కి పట్టుకుని "పట్టుకున్నా" అని గట్టిగా చెప్పాలి. చక్రం దగ్గరివాడు నిపుల్ పావు తిప్పు వదులు చేస్తే ఆయిల్, బుడగలు వస్తాయి, పెడల్ కిందకి పోతుంది. నిపుల్ బిగించి "వదులు" అన్నాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. పైన రిజర్వాయర్‌లో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ ఉండండి. అది ఒక్కసారి ఖాళీ అయిందా, మొత్తం పని మళ్ళీ మొదటినుంచీ.

అయ్యాక పెడల్ మొదటి తొక్కుకే గట్టిగా, ఎప్పుడూ ఒకే ఎత్తులో ఆగాలి. పంప్ చేస్తే పైకి లేస్తోందంటే లోపల గాలి ఉన్నట్టు, లేదా ప్యాడ్లు డిస్కుకి దూరంగా ఉన్నట్టు. నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందకి జారుతోందంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు పోయింది. ఈ రెండు లక్షణాల్లో ఏది కనిపించినా బండి స్టార్ట్ చేయకూడదు. ఆ రోజు నేను మొదటిదాన్ని చూసి కూడా స్టార్ట్ చేశాను.

కాలి నుంచి చక్రం దాకా

పెడల్ అంటే ఒక గునపం లాంటిది. మీరు 20 కిలోల బలంతో తొక్కారనుకోండి. పెడల్ నిష్పత్తి 5 కి 1 అయితే మాస్టర్ సిలిండర్ మీద 100 కిలోలు పడుతుంది. దాని పిస్టన్ వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు అయితే ఒక్కో చదరపు సెంటీమీటరుకి 50 కిలోల ఒత్తిడి. కాలిపర్ పిస్టన్ 8 చదరపు సెంటీమీటర్లు అయితే ప్యాడ్ మీద 400 కిలోలు. స్కూల్లో చదువుకున్న పాస్కల్ సూత్రం ఇదే.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, మాస్టర్ సిలిండర్ పెద్దదైతే పెడల్ రాయిలాగా గట్టిగా ఉంటుంది, ఒత్తిడి మాత్రం తక్కువ వస్తుంది. కాబట్టి గట్టి పెడల్ చూసి మురిసిపోకండి, బండి ఆగుతోందో లేదో చూడండి. రెండోది, భయంలో మనిషి 20 కిలోలతో తొక్కడు, ఒళ్ళు బలమంతా పెట్టి తొక్కుతాడు. 100 కిలోలతో తొక్కితే పెడల్ బ్రాకెట్ మీద 500 కిలోలు పడుతుంది. సన్న రేకు మీద రెండు చుక్కల వెల్డింగ్ పెడితే అది సరిగ్గా అవసరమైన రోజే వంగుతుంది. ఫార్ములా స్టూడెంట్ పోటీల్లో పెడల్ 2000 న్యూటన్లు, అంటే దాదాపు 200 కిలోల తొక్కుడు తట్టుకోవాలని రూలు పెట్టింది అందుకే.

పుష్‌రాడ్‌కి మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కి మధ్య ఒక మిల్లీమీటరు దాకా ఖాళీ ఉంచండి. అసలు లేకుండా బిగిస్తే ఆయిల్ రిజర్వాయర్‌లోకి తిరిగి వెళ్ళే చిన్న రంధ్రం మూసుకుపోతుంది. ప్యాడ్లు వదలవు, రాసుకుంటూ వేడెక్కుతాయి. వేడికి ఆయిల్ వ్యాకోచించి ఇంకా గట్టిగా పట్టేస్తాయి. పెడల్ వదిలాక చక్రాన్ని చేత్తో తిప్పితే హాయిగా తిరగాలి. ఇదే టెస్టు.

రూల్స్ ఎందుకు అలా ఉన్నాయి

మన దేశంలో స్టూడెంట్లకి బాజా ఎస్ఏఈ ఇండియా, సుప్రా ఎస్ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ లాంటి పోటీలున్నాయి. ఫార్ములా భారత్ కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతుంది. బాజా అంటే చాలామందికి గుర్తొచ్చేది మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్. మన ఆంధ్రా, తెలంగాణ కాలేజీల నుంచి కూడా టీములు వెళ్తుంటాయి. అక్కడ జడ్జీలు బండిని ఊరికే పరిగెత్తనివ్వరు. స్పీడు అందుకుని, ఒకేసారి బ్రేకు కొట్టి, నాలుగు చక్రాలూ లాక్ అయి, బండి అటూ ఇటూ పోకుండా సూటిగా ఆగాలి. అది పాసయితేనే మిగతా పరుగులు. ఎంతోమంది నెలల తరబడి కట్టిన బండ్లు అక్కడే ఆగిపోతాయి.

రెండు వేరు వేరు సర్క్యూట్లు ఉండాలన్నది అన్నిటికంటే ముఖ్యమైన రూలు. ఒక పైపు పగిలినా రెండో దానితో కనీసం రెండు చక్రాలకి బ్రేకు ఉండాలి. ఒక్కోదానికి రిజర్వాయర్ కూడా వేరుగానే. మా బండికి ఆ రెండో సర్క్యూట్ ఉండుంటే పెడల్ నేలకి తగిలినా వెనక చక్రాలైనా పట్టేవి. మేం "తర్వాత పెడదాంలే" అన్నది సరిగ్గా దాన్నే.

ఫార్ములా బండ్లకి ఇంకో రూలు నాకు బాగా ఇష్టం. పెడల్ వెనక ఒక స్విచ్ పెట్టాలి. బ్రేకు ఫెయిలై పెడల్ ఉండాల్సిన దానికంటే లోపలికి పోతే ఆ స్విచ్‌కి తగిలి ఇంజను దానంతట అదే ఆగిపోతుంది. డ్రైవరు కూర్చున్న చోటు నుంచి దాన్ని మళ్ళీ ఆన్ చేయలేడు. ఆలోచించండి, అది డ్రైవరు మాట కూడా వినని స్విచ్. మీరు పోటీకి వెళ్ళకపోయినా సరే, ఇది పెట్టుకోండి.

గో కార్ట్ కట్టేవాళ్ళకి ఒక మాట. చాలా కార్టులకి వెనక యాక్సిల్ మీద ఒకే డిస్కు ఉంటుంది, ముందు బ్రేకు ఉండదు. అంటే మీకు ఉన్నది ఒక్కటే ఆధారం. పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌కి వెళ్ళే రాడ్‌తో పాటు ఒక ఉక్కు వైరు కూడా కట్టండి. రాడ్ పిన్ను ఊడినా వైరు లాగుతుంది. అంతర్జాతీయ కార్టింగ్ రూల్స్‌లో కూడా ఈ లంకె డబుల్‌గా ఉండాలనే ఉంది.

ముందు చక్రమా, వెనక చక్రమా

ఆర్టీసీ బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు బ్రేకు కొడితే మీరు ఎటు తూలతారు? ముందుకే కదా. కారు బరువు కూడా అలాగే ముందు చక్రాల మీదకి వెళ్తుంది. వెనక చక్రాలు తేలికైపోతాయి. ముందూ వెనకా ఒకే బలంతో పట్టుకుంటే తేలికైన వెనక చక్రాలు ముందే లాక్ అయి, బండి గిర్రున తిరుగుతుంది. అందుకే ముందు చక్రాలు ఒక్క క్షణం ముందుగా లాక్ అయ్యేలా బ్యాలెన్స్ పెట్టుకోవాలి. రెండు మాస్టర్ సిలిండర్ల మధ్య బ్యాలెన్స్ బార్ ఉంటే స్క్రూ తిప్పి సర్దుకోవచ్చు. తక్కువ స్పీడులో బ్రేకు కొట్టి, పక్కనుంచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. ఏ చక్రం ముందు ఆగిందో తెలిసిపోతుంది.

ఇంకో లెక్క గుర్తు పెట్టుకోండి. పొడి తారు రోడ్డు మీద మంచి బ్రేకులున్న బండి 30 స్పీడులో సుమారు 5 మీటర్లలో ఆగితే, 60 స్పీడులో సుమారు 20 మీటర్లు పడుతుంది. స్పీడు రెండింతలు, దూరం నాలుగింతలు. మీరు చూసి తొక్కేలోపు ఒక సెకను పోతుంది అనుకుంటే దీనికి 8 మీటర్లు, దానికి దాదాపు 17 మీటర్లు కలుపుకోండి. రోడ్డు మీద ఇసుక, గడ్డి, ధాన్యం ఉంటే ఈ లెక్కలేవీ పనిచేయవు.

బయలుదేరే ముందు ప్రతిసారీ

ఇప్పుడు మా షెడ్డులో ఏ బండి కదలాలన్నా ఇవి అయ్యాకే.

ఒకటి, రిజర్వాయర్‌లో ఆయిల్ ఎంత ఉందో చూడాలి. నిన్నటికంటే తగ్గితే కారణం దొరికేదాకా బండి కదలదు.

రెండు, ప్రతి జాయింటునీ పొడి టిష్యూతో తుడవాలి. చెమ్మ తగిలితే విప్పాలి, కొత్త వాషర్లు వేయాలి.

మూడు, స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి, చక్రాన్ని పైకీ కిందకీ ఆడించి, హోసు ఎక్కడా రాసుకోకుండా, లాగబడకుండా ఉందో చూడాలి. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు, బ్రేకుకని తయారు చేసిన హోసే వాడాలి.

నాలుగు, ప్యాడ్ల మందం. మెటీరియల్ 2 మిల్లీమీటర్లకి దగ్గరపడితే మార్చేయండి. ఆయిల్ గానీ గ్రీజు గానీ పడిన ప్యాడ్‌ని గీకి వాడొద్దు, పడేయండి. డిస్కు మీద కనీస మందం ముద్ర వేసి ఉంటుంది, అంతకంటే అరిగితే అది తుక్కే. పగుళ్ళు ఉన్నా అంతే.

ఐదు, కాలిపర్ బోల్టులు, పెడల్ పిన్ను, దాని స్ప్లిట్ పిన్ను. బిగించిన బోల్టు తల మీదుగా పెయింట్ గీత గీయండి. గీత పక్కకి జరిగితే బోల్టు వదులైనట్టు, దూరం నుంచే కనిపిస్తుంది.

ఆరు, పెడల్‌ని ఒళ్ళు బలంతో 30 సెకన్లు తొక్కి పట్టుకోవాలి. జారకూడదు, బ్రాకెట్ వంగకూడదు.

ఏడు, బండిని మనుషులు తోస్తుండగా బ్రేకు కొట్టి చూడాలి. తర్వాత నడక స్పీడు, తర్వాత 10, 20, 30. ప్రతి మెట్టులోనూ ఆగాకే పై మెట్టు. కొత్త ప్యాడ్లు వేస్తే ఓ మోస్తరు స్పీడులో పదిసార్లు మెల్లగా ఆపుతూ, మధ్యలో చల్లారనిస్తూ వాటిని డిస్కుకి అలవాటు చేయాలి. మొదటి రోజే రేసు పెట్టకండి.

ఇదంతా పావుగంట పని.

చోటు గురించి కూడా చెప్పాలి. ఇంట్లో కట్టిన బండి రిజిస్ట్రేషన్ లేని బండి. అది పంచాయతీ రోడ్డయినా, హైవే సర్వీసు రోడ్డయినా ఎక్కకూడదు. రోడ్ల మీద రేసులు, స్పీడు టెస్టులు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడు నెలల దాకా జైలు గానీ, 5000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. మేం ఆ రోజు ఆ రోడ్డు ఎక్కడమే తప్పు. గేటు ఉన్న కాలేజీ గ్రౌండు, పర్మిషన్ తీసుకున్న ఖాళీ లేఅవుటు, అసలైన ట్రాక్, వీటిల్లోనే తోలండి. అక్కడ కూడా చివర్లో తప్పించుకునేంత ఖాళీ ఉండాలి, ఇంజను ఆపే స్విచ్ లోపల ఒకటి, బయటివాళ్ళకి అందేలా ఒకటి ఉండాలి.

ఎర్ర రిబ్బను

చివరగా, ఏ టూల్ కిట్‌లోనూ దొరకని పార్టు గురించి చెప్పి ముగిస్తాను.

ఆ రోజు మాకు విషయం తెలియక కాదు ప్రమాదం జరిగింది. పెడల్ మెత్తగా ఉందని మా జూనియర్ చెప్పాడు. సరిగ్గా చెప్పాడు. వాడి మాట చెల్లలేదు, ఎందుకంటే నేను సీనియర్‌ని. యాక్సిడెంట్ తర్వాత వాడు హాస్పిటల్‌కి వచ్చి, "అన్నా, నేను ఇంకా గట్టిగా చెప్పాల్సింది" అని ఏడ్చాడు. తప్పు చేసింది నేను, బాధపడింది వాడు. నాకు ఎముక నొప్పి కంటే అదే ఎక్కువ నొప్పి.

అందుకే ఇప్పుడు మా షెడ్డులో గోడకి ఎర్ర రిబ్బన్లు వేలాడుతుంటాయి. బండి మీద ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఒకటి తీసి స్టీరింగ్‌కి కట్టేస్తారు. నిన్న చేరిన కుర్రాడైనా సరే, టీ తెచ్చే తమ్ముడైనా సరే. కారణం నిరూపించక్కర్లేదు. రిబ్బను ఉన్నంతసేపు బండి కదలదు. విప్పే హక్కు కట్టినవాడికే ఉంది, నాక్కూడా లేదు. దాదాపు ప్రతిసారీ విప్పి చూస్తే ఏమీ ఉండదు, అరగంట పోతుంది. పోనీ. ఒకసారి మాత్రం పెడల్ పిన్నుకి స్ప్లిట్ పిన్ను పెట్టడం మర్చిపోయింది దొరికింది. ఆ స్ప్లిట్ పిన్ను మర్చిపోయింది నేనే. రిబ్బను కట్టింది అప్పటికి వారం క్రితం చేరిన అమ్మాయి.

మీరు ఇవాళ ఈ వీడియో చూసి ఒక్క పనే చేయాలనుకుంటే, మీ టీములో అందరికంటే చిన్నవాడిని పిలిచి పెడల్ తొక్కించండి. వాడు ఏం చెప్తాడో పూర్తిగా వినండి. ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న మీ బండి వంక చూసి మీరే వేసుకోండి. సమాధానం వచ్చాకే తాళం తిప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో స్టీరింగ్ గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా జాగ్రత్త. ఉంటాను మరి.